నరసాపురం రేవులో ఒక గంట: పర్యాటకుడికీ యాత్రికుడికీ తేడా ఎక్కడుంది?

సంక్రాంతి వెళ్లిన వారానికి మా పెద్దమ్మగారి అబ్బాయి భార్యాబిడ్డలతో హైదరాబాదు నుంచి వచ్చాడు. పాలకొల్లులో క్షీరారామం చూసుకుని, నరసాపురం దగ్గర మాధవాయిపాలెం రేవులో మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే పంటు ఎక్కి, వసిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది వెళ్లాలని ఏర్పాటు. దారి చూపడానికి నేను పాలకొల్లులో వాళ్ల కారెక్కాను. అన్నయ్య ఫోనులో రెండు రోజులకు 11 చోట్ల పేర్లు రాసి ఉన్నాయి. ప్రతి పేరుకూ ఎదురుగా ఎన్ని నిమిషాలో కూడా వేసుకున్నాడు.

మేము రేవుకు చేరేసరికి పంటు అవతలి ఒడ్డున ఉంది. నీళ్లు లాగేసి ఇవతల బురద తేలి ఉంది.

“పాటు మీద ఉంది బాబూ. పోటు ఎక్కితేగానీ పంటు ఒడ్డుకు ఆనదు” అన్నాడు రేవులో మనిషి.

“ఎంతసేపు పడుతుంది?”

“గంట అనుకోండి.”

అన్నయ్య ఫోను తీసి, పదకొండులో దేన్ని కొట్టేయాలా అని లెక్క వేయడం మొదలుపెట్టాడు. వదిన కారులోనే ఉండిపోయింది. వాళ్ల పన్నెండేళ్ల అమ్మాయి మాత్రం చెట్టు కింద కూర్చుని లేసు అల్లుతున్న ఒకామె పక్కన చేరింది. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లిక ఇంటింటి పని. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా వచ్చి ఇక్కడి ఆడవాళ్ల వేళ్లలో స్థిరపడిపోయింది, ఇక్కడి నుంచి విదేశాలకు వెళుతోంది. ఆమె ఒళ్లో ఒక సంచి, అందులో తెల్ల నూలు ఉండ. ఎడమచేతి చూపుడువేలికి దారం ఒక చుట్టు వేసి బిగువుగా పట్టుకుంది. కుడిచేతిలో కొన దగ్గర చిన్న గాటు ఉన్న సన్నని సూది. గాటుకు దారం తగిలించి కన్నులోంచి లాగితే మరో కన్ను పడుతుంది, దానిలోంచి ఇంకొకటి. ఆమె చూపు చేతుల మీద లేదు, ఏటి మీద ఉంది. అయినా పువ్వుకు ఆరో రేకు పూర్తయ్యేసరికి వేలు దానంతట అదే ఆగి, మొదటి రేకు మొదలు ఎక్కడుందో తడిమి పట్టుకుంది.

“రోజూ ఇలా ఆగిపోవలసి వస్తుందా ఆంటీ?” అని అడిగింది అన్నయ్య కూతురు.

“ఆగడం ఏముందమ్మా, అల్లుకుంటున్నాను కదా.”

“మీరెప్పుడైనా దూరం వెళ్లారా?”

“మస్కట్‌లో ఆరేళ్లు ఉన్నాను తల్లీ, ఒకరి ఇంట్లో పనికి. ఆ ఊరికి సముద్రం ఉంది. నేను చూసింది రెండుసార్లే.”

ఈలోగా అన్నయ్యకు విసుగెత్తింది. “టూరిస్టులను గంటల కొద్దీ ఇలా నిలబెడితే ఎవరు వస్తారు?” అన్నాడు. అమ్మాయి తిరిగి వచ్చి, “మనం టూరిస్టులమా నాన్నా?” అని అడిగింది. “మనం టూరిస్టులం ఎలా అవుతాం? మీ ముత్తాతగారిది ఈ ఏటి అవతలి ఊరే” అన్నాడు. “అయితే యాత్రికులమా?” అంది. అన్నయ్య నా వైపు చూశాడు. నా దగ్గర జవాబు లేదు. తరువాత చాలా రోజులు ఆ ప్రశ్నే నన్ను పట్టుకుంది.

మొదట మాటల సంగతి చూద్దాం. పర్యటన అంటే పరి, అటన కలిసి చుట్టూ తిరగడం. యాత్ర అంటే వెళ్లడం. ఒకదానిలో బయలుదేరిన చోటికే చేరే చుట్టు ఉంది, రెండోదానిలో ఒక దిక్కుకు సాగడం ఉంది. ఇంగ్లీషువాళ్ల టూర్ అనే మాటకూ మూలం గుండ్రంగా తిప్పే పనిముట్టుకు లాటిన్‌లో ఉన్న పేరే. ట్రావెల్ అన్న మాట శ్రమకూ యాతనకూ ఫ్రెంచివాళ్లు వాడిన మాట నుంచి వచ్చింది. అయితే తెలుగులో ఒక చిక్కు ఉంది. మనం యాత్ర అనగానే దాని చివర ఒక దేవుడు ఉంటాడు. కాశీయాత్ర, తీర్థయాత్ర అంటాం కానీ ఊరికే ఊళ్లు తిరిగే మనిషిని యాత్రికుడు అనం. అతనికి మన పెద్దలు పెట్టిన పేరు దేశదిమ్మరి, అందులో కొంచెం మందలింపు కూడా ఉంది. దారిన పోయేవాడు బాటసారి, బండి ఎక్కినవాడు ప్రయాణికుడు, ఇంటికి వచ్చినవాడు చుట్టం. ఈ వ్యాసంలో యాత్రికుడు అనే మాటను దేవుడి గడప దాటించి కొంచెం విశాలంగా వాడుతున్నాను.

ప్రభుత్వాలు లెక్క కట్టే పద్ధతి వేరు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ నిర్వచనం ప్రకారం, తాను మామూలుగా మసలే పరిసరాలను విడిచి ఏడాదికి తక్కువ కాలానికి మరో చోటికి వెళ్లి, అక్కడివాళ్ల దగ్గర జీతానికి కుదరకుండా, కనీసం ఒక రాత్రి గడిపిన ప్రతివారూ పర్యాటకులే. రాత్రి ఉండకుండా వెనుదిరిగితే ఒకరోజు సందర్శకులు. ఈ లెక్కన సంక్రాంతికి అమ్మమ్మగారి ఊరు వచ్చి మూడు రాత్రులు పడుకున్న మనవడు పర్యాటకుడు. కార్తీక సోమవారం నాడు బస్సులో వచ్చి ద్రాక్షారామం చూసి అదే రాత్రి ఇల్లు చేరిన మనిషి పర్యాటకుడు కాడు. మస్కట్‌లో ఆరేళ్లు గడిపిన ఆ లేసు ఆమె ఈ పట్టికలో ఏ గడిలోనూ లేదు. గదులు ఎన్ని కావాలో, రోడ్లకు ఎంత ఖర్చు పెట్టాలో తేల్చుకోవడానికి ఈ లెక్క పనికివస్తుంది. మా అమ్మాయి అడిగింది మాత్రం వేరే.

పర్యాటకుడంటే చిన్నచూపు, యాత్రికుడంటే గౌరవం ఎప్పటి నుంచి మొదలయ్యాయో చూస్తే చాలా ముడులు విడిపోతాయి. ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినవారు. 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆ ప్రయాణాన్ని రోజువారీగా రాసి పెట్టారు. దారి ఎలా ఉంది, ఏటికి పడవ దొరుకుతుందా, దిగిన ఊళ్లో ఏ సరుకు అమ్ముతారు, మనుషులు ఎలా ఉన్నారు అన్నవన్నీ అందులో ఉన్నాయి. తెలుగులో యాత్రికుడు అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఆయనే. కానీ ఆయన పల్లకీలో, పెద్ద పరివారంతో వెళ్లారు. ఆ పల్లకీ మోసిన బోయీలు అంతే దూరం, అదీ కాలినడకన వెళ్లారు. వాళ్లను ఎవరూ యాత్రికులు అనలేదు. రైలు రాకముందు లోకం చూడటమంటే కొద్దిమందికే అందిన పని, దానికి మోసేవాళ్లు కావాలి, నెలల తరబడి తీరిక కావాలి.

1841 జులై 5న ఇంగ్లండులో థామస్ కుక్ అనే ఆయన లెస్టర్ నుంచి లఫ్‌బరోకు ఒక రైలు మాట్లాడి, మనిషికి ఒక షిల్లింగు చొప్పున సుమారు 500 మందిని మద్యపాన వ్యతిరేక సభకు తీసుకువెళ్లాడు. గుంపుగా, ముందే కుదిరిన ధరకు, ముందే కుదిరిన వేళకు సాగే ప్రయాణాల వ్యాపారం అక్కడి నుంచి పెరిగింది. అదే దశాబ్దంలో, 1847లో, ఇక్కడ ధవళేశ్వరంలో ఆర్థర్ కాటన్ ఆనకట్ట పని మొదలుపెట్టాడు. 1852కల్లా అది పూర్తయింది, దాని వెంట కాలువలు వచ్చాయి. పొలానికి నీరు ఇచ్చిన కాలువే పడవకు దారి అయింది. గట్టు మీద మనుషులు తాడు పట్టి లాగుతుంటే సరుకులూ జనమూ కాలువల మీద సాగారు. పల్లకీ లేనివాళ్లు కూడా దూరం వెళ్లగలిగిన రోజులు అక్కడా ఇక్కడా ఒక్కసారే వచ్చాయి.

అంతవరకూ ప్రయాణం తమ సొత్తు అనుకున్నవాళ్లకు ఆ గుంపు నచ్చలేదు. ‘మేము ప్రయాణికులం, వాళ్లు టూరిస్టులు’ అనే విభజన యూరప్‌లో బలపడింది ఆ కాలంలోనే. అందుకే ఆ చిన్నచూపును నేను నమ్మను. ఈనాటికీ అది రూపు మార్చుకుని తిరుగుతోంది. నెల రోజులు సెలవు పెట్టి, వీపున సంచి వేసుకుని, గుంపు వెళ్లని చోటికి వెళ్లినవాడు యాత్రికుడట, ఒకరోజు బస్సులో వచ్చి చూసి పోయినవాళ్లు తక్కువట.

ఆ ఒకరోజు బస్సు సంగతి చెప్పాలి. కార్తీకమాసంలో ఆర్టీసీ పంచారామాలకు ప్రత్యేక బస్సులు నడుపుతుంది. ఆదివారం బయలుదేరి సోమవారం ఒక్క రోజులో అమరావతి, భీమవరం, పాలకొల్లు, ద్రాక్షారామం, సామర్లకోట. ఐదింటిలో నాలుగు మా గోదావరి జిల్లాలవే. తెల్లవారుజామున తలారా స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, సంచిలో ఆవునెయ్యి వత్తులు జాగ్రత్తగా పట్టుకుని దిగే ఆడవాళ్లను పాలకొల్లు గుడి దగ్గర ఎన్నోసార్లు చూశాను. వాళ్లలో చాలామందికి ఏడాది మొత్తం మీద తమ కోసం దొరికేది ఆ ఒక్క రోజే. ఇంట్లో వంట అప్పగించి, పశువులను అప్పగించి, కూలి పోగొట్టుకుని వస్తారు. ఒక గుడిలో అరగంటే ఉన్నారని వాళ్లను తక్కువ అనడం నా వల్ల కాదు. ఆ అరగంట కోసం వాళ్లు విడిచిపెట్టి వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

ఎన్ని రోజులు ఉన్నాం, ఎంత ఖర్చు పెట్టాం, ఎంత కష్టపడ్డాం, గుంపులో వెళ్లామా ఒంటరిగా వెళ్లామా: ఈ కొలతలేవీ నిలబడవు. మరి తేడాయే లేదా అంటే, ఉంది. నాకు అది రేవులో కనిపించింది. ఎవరి గడియారం నడుస్తోంది అన్నదే ఆ తేడా. మన వేళకు చోటు రావాలని కోరుకుంటే ఒక రకం ప్రయాణం, ఆ చోటు వేళకు మనం ఆగితే ఇంకో రకం. ఒకే మనిషి పొద్దున ఒక రకంగా, సాయంత్రం రెండో రకంగా ఉండవచ్చు.

డెల్టాలో ఈ సంగతి బాగా తెలుస్తుంది, ఎందుకంటే ఇక్కడ కాలాన్ని నిర్ణయించేది నీరు. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండుగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. మధ్యలో ఉన్నది కోనసీమ. వేసవిలో మరమ్మతులకు కాలువలు కట్టేస్తారు, తొలకరికి వదులుతారు. వానాకాలపు సార్వా, ఆ తరువాతి దాళ్వా పంటలు ఆ వదలడం మీద నడుస్తాయి. వానాకాలంలో పైనుంచి ఎర్రనీరు దిగితే సముద్రంలోని ఇలస చేప ఆ వరదకు ఎదురీది వచ్చి పులస అవుతుంది. కోరంగి మడ అడవిలో పోటు వేళ పడవ వెళితే నీళ్ల మీద పచ్చటి గుబురులు కనిపిస్తాయి. పాటు వేళ అదే చోట బురదలోంచి పైకి పొడుచుకు వచ్చిన ఊపిరి వేళ్లు, వాటి మధ్య గెంతే చిన్న చేపలు, పీతల బొరియలు. రోజులో ఒకే చోట రెండు అడవులు ఉన్నాయి. గంటసేపు వెళ్లినవారికి ఒకటే దొరుకుతుంది. అది వాళ్ల తప్పు కాదు. రెండోది ఉందని తెలిసి వెనుదిరిగితే చాలు, సగం యాత్ర అయినట్టే.

మన పెద్దలు ఈ నీటి కాలాన్నే యాత్రగా కూర్చారు. గోదావరి ఏడు పాయలు ఏడుగురు ఋషుల పేర్లతో సముద్రంలో కలుస్తాయని నమ్మకం. ఆ ఏడు సంగమాలలోనూ స్నానం చేసే సప్తసాగర యాత్ర పుష్య బహుళ అమావాస్యకు చొల్లంగిలో మొదలై, మాఘమాసంలో అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి కల్యాణం నాటికి ముగుస్తుంది. మొదటి స్నానానికీ చివరి స్నానానికీ మధ్య చంద్రుడు పెరుగుతాడు. త్వరగా ముగించడానికి వీలులేకుండా తిథులతో కట్టిన యాత్ర అది. కారుంటే ఆ చోట్లన్నీ రెండు రోజుల్లో చుట్టేయవచ్చు. కానీ అప్పుడు చొల్లంగిలో కనిపించేది ఏమిటి? తుల్యభాగ అని పేరున్న పాయ నేడు చాలా మేరకు పొలాల నీటిని సముద్రానికి చేర్చే మురుగు కాలువ. కౌశికదీ అదే స్థితి. ఫొటో తీయడానికి అక్కడ ఏమీ లేదు. ఇది ఒకనాటి నదీపాయ అనీ, ఇప్పటికీ ఒక రోజున వేలమంది దీనికి నది అని పేరు పెట్టి మొక్కుతారనీ తెలిసినవారు మాత్రం అక్కడ కాసేపు నిలబడతారు.

కౌశికను నది అనుకోవడానికి ఇంకో రోజు కూడా ఉంది. కనుమ నాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద కలుసుకుంటారు. 2023 గణతంత్ర దినోత్సవంలో మన రాష్ట్ర శకటం మీద చూపించింది ఈ ప్రభల తీర్థాన్నే. ఆ తరువాత బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. రావడం మంచిదే. వెదురు చట్రానికి రంగురంగుల బట్టలు చుట్టిన ప్రభను భుజాల మీద పెట్టుకుని “అశ్శరభ శరభ” అంటూ నీళ్లలోకి దిగే మనుషులను చూస్తే ఎవరికైనా ఒళ్లు పులకరిస్తుంది. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశికను దాటేటప్పుడు గట్టుల మీద ఇసుక వేస్తే రాలదు, అందరి చేతుల్లోనూ ఫోనులే.

నేను రెండేళ్ల క్రితం ఆ గట్టు మీద కాక, ప్రభ వచ్చే దారిలో ఒక చేనిగట్టు మీద నిలబడ్డాను. జనవరి నెల కాబట్టి దాళ్వా నాట్లు పడి ఎంతో కాలం కాలేదు. లేత ఆకు, మడమ తడిసేంత నీరు. ప్రభ ఆ మడిలోంచే వచ్చింది. మోసేవాళ్లూ, తాళ్లు పట్టినవాళ్లూ, వెనుక జనమూ దాటిపోయాక అక్కడ మిగిలింది బురద. ఆకు పిలకలు అడుగుల గుంటల్లో కూరుకుపోయాయి. ఆ మడి రైతు అక్కడే ఉన్నాడు. పై పంచె నడుముకు బిగించుకుని వంగి, ఒక గుంటలోంచి నాలుగు పిలకలు తీసి, మళ్లీ గుచ్చి, లేచి దణ్ణం పెట్టాడు. “నష్టం కదండీ?” అని అడిగాను. “స్వామి నా చేలోంచి నడిచాడు. వచ్చే ఏడు దారి మారిస్తే బాధపడాలి గానీ” అన్నాడు. అక్కడి ఆచారంలో ఇంకో అందం ఉంది. మొసలపల్లి స్వామి ఆతిథ్యం ఇచ్చేవాడు కనుక తోటకు ముందు వచ్చి, అందరినీ సాగనంపాక వెళతాడు అంటారు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చినప్పుడు మిగతా ప్రభలను ఒక్కసారి పైకెత్తుతారు, పెద్దవారు వస్తే లేచి నిలబడినట్టు. గట్టు మీద నుంచి తీసిన వీడియోలో ప్రభలు లేవడం కనిపిస్తుంది. ఎందుకు లేచాయో పక్కవాళ్లను అడిగితే తెలుస్తుంది.

చూపును గురించి ఇంకో చిక్కుముడి ఉంది. వచ్చేవాళ్లు ఏమి కోరుకుంటారో చోటు గమనిస్తుంది, గమనించి అదే చూపిస్తుంది. అమెరికా సామాజిక శాస్త్రవేత్త డీన్ మెకానెల్ 1970లలో ఈ సంగతిని వివరించాడు. పర్యాటకుడికి తెర ముందు ఆట చాలదు, తెర వెనుక అసలు జీవితం కావాలి. అందుకని తెర వెనుక భాగంలా కనిపించే మరో రంగస్థలం తయారవుతుంది. అంతేకాదు, ‘నేను వాళ్లలాంటి టూరిస్టును కాను’ అని తోటి టూరిస్టులను చూసి విసుక్కోవడం కూడా టూరిస్టు లక్షణమేనన్నాడు. పులస సంగతే చూడండి. వరద నెలల్లో మాత్రమే, అదీ కొద్దిగా దొరికే చేప అది. ‘పుస్తెలమ్మి అయినా పులస తినాలి’ అన్న మాట విని ఏ నెలలో వచ్చినవాళ్లయినా అదే అడుగుతారు. అడిగేవాళ్లు ఉన్నారు కనుక వేరే రాష్ట్రాల ఇలసను తెచ్చి పులస పేరుతో అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ మోసంలో తొందరకు కూడా వాటా ఉంది.

‘కోనసీమ అంటే మరో కేరళ’ అనే మాట వింటే నాకు కష్టం కలుగుతుంది. పొగడ్తగానే అంటారు, నాకు తెలుసు. కానీ ఒక చోటును మరో చోటుకు నకలుగా చూసిన క్షణం నుంచి, పోలిక ఉన్నవే కంటికి కనిపిస్తాయి. కొబ్బరిచెట్లు కనిపిస్తాయి, పడవ ఇల్లు కనిపిస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫానులో ఆ చెట్లు వరసలు వరసలుగా ఒరిగిపోయిన సంగతి కనిపించదు. ఆ తరువాత నాటిన మొక్క కాపుకు వచ్చేదాకా ఆ ఇల్లు ఏమి తిని బతికిందో కనిపించదు. ఏటిగట్టు మీద కారు వెళుతుంటే ఒక పక్క నది, ఒక పక్క పల్లంలో ఇళ్లు, ఎంత బాగుందో అంటారు. నిజంగానే బాగుంటుంది. ఆ గట్టు ఎందుకు అంత ఎత్తుందో చెప్పేది 1986 ఆగస్టు వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చింది. గట్లు తెగాయి. లంక ఊళ్లలో పాత ఇళ్ల అరుగులు మనిషి నడుము ఎత్తున ఎందుకున్నాయో అడిగితే అక్కడి పెద్దలు ఏ మెట్టు దాకా నీరు వచ్చిందో చేత్తో చూపిస్తారు. 1995లో పాశర్లపూడిలో గ్యాసు బావి మండి రెండు నెలలకు పైగా ఆరలేదు. ఆ రోజుల్లో రాత్రి వేళ ఊళ్లలో చీకటి లేకపోవడం గురించి ఇప్పటికీ చెబుతారు. ఇవేవీ చూడవలసిన చోట్ల జాబితాలో ఉండవు, ఉండవలసిన అవసరమూ లేదు. వీటిని వినడానికి కూర్చోవాలి, అంతే.

మరి ఇక్కడే పుట్టినవాళ్లమా, మాకు ఇదంతా తెలుసా? పూర్తిగా తెలుసని చెప్పలేను. మా అన్నయ్యలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. తాతగారి ఊరు, కాలువలో ఈత, అట్లతద్ది ఉయ్యాల, అమ్మమ్మ చేతి పొట్టిక్కబుట్టలు. వాళ్లు వెతుక్కునేది నలభై ఏళ్ల నాటి ఊరిని. ఊరు మారిందని కోపం కూడా వస్తుంది. పాత ఊరి ఫొటోను మనసులో పెట్టుకుని దానితో పోల్చి చూడటం, కేరళతో పోల్చి చూడటం కంటే వేరేమీ కాదు. ఇక్కడే ఉన్నవాళ్లం రోజూ దాటే వంతెన కిందికి ఒక్కసారీ దిగకుండా జీవితం గడిపేస్తాం. పుట్టిన ఊరు అనేది హక్కు ఇస్తుంది కానీ చూపును ఇవ్వదు.

ఇటువంటి చర్చలలో అసలే పేరు రానివాళ్లు ఇంకొకరున్నారు. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. అక్కడి నుంచి ఓడలెక్కి రంగూను వెళ్లిన తెలుగువాళ్లను బర్మాలో కోరంగీలు అనేవారు, ఎక్కిన రేవు పేరే జాతి పేరయింది. ఈనాడు కోనసీమ నుంచి కువైట్‌కూ మస్కట్‌కూ దుబాయికీ ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లది అదే దారి. పరాయి భాష నేర్చుకుంటారు, పరాయి వంట నేర్చుకుంటారు, ఒక ఇంటి లోపలి జీవితాన్ని ఏ పర్యాటకుడికీ సాధ్యం కానంత దగ్గరగా చూస్తారు. వాళ్లు ఆ చోటు గడియారానికే, నిజానికి ఆ ఇంటి యజమానురాలి గడియారానికే, ఏళ్ల తరబడి బతుకుతారు. నేను పైన చెప్పిన కొలత ఇక్కడ సరిపోదు. ఆగడం మన ఇష్టంతో జరిగితేనే అది యాత్ర అవుతుంది. సముద్రం పక్కన ఆరేళ్లు ఉండి రెండుసార్లే చూసిన మనిషి ఏ మాటలోనూ ఇమడదు. పర్యాటకుడు గొప్పా, యాత్రికుడు గొప్పా అని వాదించుకునేవాళ్లందరికీ వెనక్కి వచ్చే టికెట్టు చేతిలో ఉంటుందని ఆమె మాట విన్నప్పుడు తెలిసింది.

పోటు ఎక్కింది. పంటు వచ్చింది. అంతర్వేది చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దర్శనం చేసుకుని అన్నాచెల్లెళ్ల గట్టు వైపు నడిచాం. వసిష్ఠ సముద్రంలో కలిసే చోట రెండు రంగుల నీళ్లను చూశాం. ఆ రోజు జాబితాలో మిగతావాటికి వేళ మించిపోయింది. అమలాపురం వెళ్లే దారిలో నేను కారును కోనసీమలోని పి.గన్నవరం మీదుగా పోనిమ్మన్నాను.

గన్నవరం దగ్గర వైనతేయ మీద అక్విడక్టు ఉంది. కింద నది, పైన కాలువ. నగరం అనే ఊరి వైపు లంక భూములకు నీరు అందించడానికి 1850లలో 49 కమానులతో కట్టినది పాతది. దాని పక్కన కట్టిన కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆమె లంకల గన్నవరంలో కాపురం ఉండి, నది దాటి వచ్చే బాటసారులకు ఏ వేళకు వచ్చినా అన్నం పెట్టారు. ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆంగ్ల ప్రభుత్వం గౌరవించి పిలిస్తే వెళ్లలేదనీ, ఆమె ఫొటో మాత్రం తీసుకువెళ్లారనీ చెబుతారు. ఈ ప్రాంతంలో అందరూ చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. జీవితంలో ఒక్కసారి ఆమె అంతర్వేది స్వామిని చూడాలని బయలుదేరారట. దారిలో మజిలీ చేసిన చోట పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, “కాసేపు ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు” అని పెద్దవాళ్లు సముదాయిస్తున్న మాట ఆమె చెవిన పడింది. స్వామి దర్శనం మాట మరిచి, వాళ్లకంటే ముందు ఇల్లు చేరాలని వెనుదిరిగారు.

ఈ కథను కారులో చెప్పాను. వదిన, “అయితే ఆవిడ అంతర్వేది చూడనే లేదా?” అంది.

కాలువ గట్టు దగ్గర కారు ఆపించి కిందికి దిగాం. పొద్దు వాలుతోంది. దాళ్వాకు వదిలిన నీరు పైన నిండుగా పోతోంది. మా అమ్మాయి చేతికి రేవులో అల్లిన దారం గొలుసు కట్టుకుని ఉంది, రెండు వేళ్ల పొడవు. పాత కమానుల ఇటుకను చేత్తో తడిమి చూస్తోంది. గట్టు మీద గేదెను తోలుకుపోతున్న ఒక పెద్దాయన మమ్మల్ని చూసి ఆగాడు. ఏమి చూడటానికి వచ్చారని అడగలేదు.

“ఎవరింటికి వచ్చారు బాబూ?” అన్నాడు.

అన్నయ్య ఒక్క క్షణం ఆగి, తాతగారి పేరు చెప్పాడు.